పదిహేడో అర

అద్దెకార్ల యార్డులో ఐదో కారు మీద సబ్బు నురగ ఎండకి ఆరిపోతోంది. పైపు చేతిలోనే ఉన్నా తిప్పాలని ఆమెకి తోచడం లేదు. పొద్దున్నుంచి గేటు చప్పుడైనప్పుడల్లా తల అటే తిరుగుతోంది. మూడింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. గుద్దిన కారు చూస్తాడు, మేనేజరిచ్చే కాగితం చదువుతాడు. లాకప్పులో ఉన్న తమ్ముణ్ణి ఇంటికి పంపాలో జైలుకి పంపాలో రాసుకుని పోతాడు.

నిన్న పొద్దున డ్యూటీకి బండి తీస్తూ వాడు "వెళ్లొస్తానక్కా" అన్నాడు. చక్రాల దగ్గర కూచుని బురద గీకుతున్న ఆమె "ఊఁ" అంది కానీ తలెత్తలేదు. అమ్మ ఆసుపత్రికి బయల్దేరిన రోజున కూడా గిన్నెలు తోముతూ ఇలాగే ఊఁ అంది. అమ్మ మళ్లీ రాలేదు.

సిగ్నలు దగ్గర ఆగబోతున్న వాడి కారు ఒక్కసారిగా ముందుకు దూకిందట. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి తొక్కినా ఆగలేదట. బస్సు కోసం నిలబడ్డ పంతులమ్మకి రెండు కాళ్లూ విరిగాయి.

యార్డు మూలన ఆ పదిహేడో నంబరు కారు కింద మెకానిక్కు పడుకుని ఉన్నాడు. అందరూ ఆయన్ని స్పానరు బాబాయి అంటారు.

"ఏమైనా కనబడిందా బాబాయ్?"

"ఏం కనబడుద్దమ్మా. పాత బళ్లలో పెడలుకీ ఇంజనుకీ మధ్య తీగ ఉండేది. తెగితే తెగిందని చూపించేవాణ్ణి. ఇప్పుడు తీగ లేదు, కబురే. కాలు ఎంత నొక్కిందో పెడలు కంప్యూటరుకి కబురంపుద్ది, అది ఇంజనుకి చెప్తుంది. మధ్యలో ఎవరో చాడీ చెప్పినట్టు కబురు తప్పిందనుకో, ఇక దాని ఇష్టం."

"ఆ మాటే ఇన్‌స్పెక్టరుతో చెప్పు."

"చెప్తే చూపించమంటాడు. ఇందాక స్టార్టు చేశాను, కొత్తకోడలల్లే నెమ్మదిగా ఉంది." ఆయన బయటికి జరిగి గొంతు తగ్గించాడు. "మీవాడూ ఇంకో ఇద్దరూ బండి మాట వినట్లేదని మూడు వారాల కిందటే చెప్పారు. పుస్తకంలో రాశాను. పొద్దున ఆ పుస్తకం మేనేజరు పట్టుకుపోయాడు. ఈ రకం బళ్లు మనకి నలభై ఉన్నాయమ్మా. తప్పు బండిదని తేలితే రేపు ఒక్కటీ గేటు దాటదు."

అంతలో మేనేజరు కబురు పెట్టాడు. ఆయన ప్రధాన కార్యాలయం నుంచి వచ్చి నెలే అయింది. గదిలోంచి యార్డులోకి అడుగు పెట్టిన రోజులు తక్కువ. ఆమెని చూడగానే ఒక ఫోటో బల్ల మీద తోశాడు.

"చూడమ్మా. మీ తమ్ముడి చెప్పు ఆక్సిలరేటరు మీద ఇరుక్కుంది. వాడి పొరపాటే. ఒప్పుకోమని చెప్పు. ఆరు నెలలతో పోతుంది, నీ పని నీకుంటుంది."

నల్ల రబ్బరు చెప్పు. కొత్తది. పెడలు మీద ఎవరో అమర్చినట్టుంది. ఆమె నోట్లోంచి మాట దానంతటదే జారింది.

"మన కార్లలోకి చెప్పులెక్కడివి సార్?"

"అంటే?"

"కార్పెట్లు మాస్తాయని ఓనరుగారు చెప్పులు గేటు దగ్గరే విప్పించి, ఎవరి బండి నంబరు అరలో వాళ్లవి పెట్టిస్తారు కదా. బోర్డు కూడా పెట్టించారు. అందరూ ఒట్టికాళ్లతోనే నడుపుతారు."

మేనేజరు కిటికీలోంచి గేటు వైపు చూశాడు. ఆ చూపు చూశాక గానీ తనేం చేసిందో ఆమెకి తెలియలేదు. తమ్ముడికి మిగిలిన ఒక్క ఆధారాన్నీ చేతులారా చూపించేసింది.

ఆయన లేచి గబగబా గేటు దగ్గరికి నడిచాడు. 'చెప్పులతో కారెక్కితే ఒక రోజు కూలి కోత' అన్న బోర్డుని మేకు నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. గోడ మీద బోర్డంత మేర తెల్లగా మిగిలింది.

"ఈ అరల్లోని చెప్పులన్నీ గోతంలో వేసి లోపల పడెయ్. వచ్చేవాళ్లు చూస్తే అసహ్యంగా ఉంటుంది."

పదిహేనేళ్లుగా చెప్పిన పని చేసిన చేతులు. అవే గోతం విప్పాయి. ఒకటో అర, రెండో అర. బళ్లతో బయటికెళ్లిన డ్రైవర్ల చెప్పులు జతలు విడిపోయి గోతంలో పడుతున్నాయి. పదహారో అర దాకా అలా వెళ్లి ఆగిపోయాయి.

పదిహేడో అరలో తమ్ముడి చెప్పులు నిన్నటి నుంచి అలాగే ఉన్నాయి. ఎడమదాని పట్టీకి తను ఆకుపచ్చ దారంతో వేసిన కుట్టు ఉంది. మొనలు బయటికే తిరిగి ఉన్నాయి. తిరిగి రాగానే కాళ్లు దూర్చి ఇంటికి పోవడానికి వాడెప్పుడూ అలాగే పెడతాడు. "ఓనరు కార్పెట్టుకున్న మర్యాద మన కాళ్లకి లేదక్కా" అని నవ్వుతూ పెడతాడు.

"ఏం చూస్తున్నావ్, కానీ" అన్నాడు మేనేజరు.

"ఇవి తియ్యను సార్."

"ఏంటీ?"

"వాడొస్తే చెప్పుల్లేకుండా ఇంటికెలా నడుస్తాడు?"

"నీ పని కూడా పోతుంది, తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. అయినా తియ్యను."

కారు కిందనుంచి స్పానరు బాబాయి లేచి నిలబడ్డాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటున్నాడే గానీ ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. గేటు బయట ఇన్‌స్పెక్టరు జీపు ఆగింది. మేనేజరు చెయ్యి అర వైపు సాగింది. ఆమె పదిహేడో అరకి వీపు ఆనించి నిలబడి, గోతంలో చెయ్యి పెట్టి ఒక జత వెతికి తీసింది. మొనలు బయటికి తిప్పి పదహారో అరలో పెట్టింది. తర్వాత పదిహేనో అర జత కోసం మళ్లీ చెయ్యి పెట్టింది.

గేటు తెరుచుకుంటోంది.