హోజియా పాటలో ఆగే చోట్లు

మా ఊరి రేడియోలో శనివారం మధ్యాహ్నాలు నావి. పాతకాలపు బ్లూస్ పాటలు పాడినవాళ్లలో ఇంకా మిగిలినవాళ్లను వారానికొకరిని పిలిచి, మైకు ముందు కూర్చోబెట్టి, పాడించి, మాట్లాడించి, వాళ్ల చెవులు పనిచేస్తుండగానే నలుగురి మెచ్చుకోలు వినిపించడం నా పని. పోయాక పొగిడేవాళ్లకు మా ఏటి డెల్టాలో కొదవలేదు. స్టేషనంటే పెద్దదేం కాదు. మూతపడ్డ పత్తి మిల్లులో ఒకప్పుడు బేళ్లు తూచిన గది. ఒక బల్ల, రెండు మైకులు, కిర్రుమనే ఫ్యాను, నేను.

హోజియా పెటిగ్రూని రప్పించడం మాత్రం చాన్నాళ్లు నా వల్ల కాలేదు. ఆయనది ఈ ఊరే. నేను పుట్టకముందే మెంఫిస్ పట్నం వెళ్లిపోయాడు. మళ్లీ ఇటు తొంగిచూడలేదు. ఆయన గిటారుకి బయట పెద్ద పేరు. ఒక చరణం పాడతాడు, ఆగుతాడు. మామూలుగా ఆగడం కాదు, గిటారు మీద చెయ్యి ఆనించి, తల వంచి, ఇంకెవరికో చోటిచ్చినట్టు ఆగుతాడు. తర్వాత ఇంకో చరణం. అది ఆయన బాణీ అని పైదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చి నేర్చుకుని వెళ్లేవాళ్లు. వాళ్లూ అక్కడక్కడే ఆగేవాళ్లు.

మా ఊరి పెద్దవాళ్లకు మాత్రం తెలుసు, ఆ చోట్లు ఎవరివో. అవి లీవై స్టాంప్స్‌వి. హోజియా గిటారు, లీవై మౌత్ ఆర్గాన్. ఇద్దరూ కలిసి ఏటి అవతల ఆర్కన్సా వైపు తాగుడు పాకల్లో రాత్రంతా వాయించి, తెల్లారగట్ల పడవేసుకుని వచ్చేవాళ్లు. ఒక పొగమంచు పొద్దున పడవలో హోజియా ఒక్కడే తిరిగొచ్చాడు. పడవ తిరగబడిందన్నాడు. ఎంత వెతికినా శవం దొరకలేదు. లీవై భార్య యూలా వితంతువులా నల్లబట్టలు కట్టలేదు, చర్చిలో ప్రార్థన పెట్టనివ్వలేదు. "దొరకనివాణ్ణి చచ్చాడనడానికి మీరెవరు?" అని పాస్టర్నే గుమ్మంలోంచి పంపించేసింది. ఇప్పటికీ ఆదివారం వంటలో ఒక పళ్లెం ఎక్కువ పెడుతుంది.

మొన్న వేసవిలో ఫోన్ చేసి మళ్లీ బతిమాలాను.

"బాబాయ్, ఒక్కసారి రావా?"

"అక్కడ నన్ను గుర్తుపట్టేదెవరే ఆర్డీలియా?"

"యూలా అత్త ఉంది కదా."

"ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉండడమా! ప్రతి శనివారం ఫోన్ చేసి, 'నీ వాగుడు ఆపి పాట వెయ్యవే' అని తిడుతుంది కూడా."

ఆ పై శనివారమే బస్సు దిగాడు. ఎనభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెరిపించిన బూట్లు, గిటారు పెట్టె. తెచ్చిపెట్టిన కాఫీ ముట్టుకోలేదు. "ఏటి వాసన ఇంకా అలాగే ఉంది" అన్నాడంతే.

పరిచయం అయ్యాక పాటెత్తుకున్నాడు. గొంతు బీటలు వారింది గాని వేళ్లు మాత్రం తడబడలేదు. మొదటి చరణం అయింది. ఆగాడు. గదిలో ఫ్యాను కిర్రు తప్ప ఏమీ లేదు. రేడియోలో అంత నిశ్శబ్దమంటే మాకు చెమట్లు పడతాయి. నేను నోరు తెరవబోయి ఆయన మొహం చూసి ఊరుకున్నాను. తల వంచి, పాదంతో తాళం వేస్తూ, ఏదో చమత్కారం విన్నవాడిలా చిన్నగా నవ్వాడు. సరిగ్గా ఎక్కడ అందుకోవాలో అక్కడ అందుకున్నాడు. పాటంతా అలాగే.

పాటయ్యేసరికి ఫోన్ మోగింది. చేపల చెరువుల దగ్గర పనిచేసే ఓథా.

"ఆర్డీలియక్కా, ఆ మౌత్ ఆర్గాన్ వాయించేదెవరు? పేరు చెప్పలేదేం పాపం?"

"మౌత్ ఆర్గాన్ ఏంట్రా? ఇక్కడ గిటారొక్కటే. పట్టపగలే మొదలెట్టావా?"

"దేవుడి తోడు, మజ్జిగ తప్ప ఏం తాగలేదు. ఇక్కడందరం వల వదిలేసి విన్నాం. కావాలంటే మా మేస్త్రీని అడుగు."

పెట్టేసే లోపు ఇంకోటి. చర్చి పాటల బృందాన్ని నడిపే లవీనియా. ఆమె చెవిని మోసం చెయ్యడం దేవుడి వల్ల కూడా కాదు. "ఆ ఊదేవాడెవరో కాస్త ముందుగా అందుకుంటున్నాడమ్మా. కానీ ఏం ఊపిరి! బెండకాయలు మాడిపోయాయి, నేను కదల్లేకపోయాను."

హోజియా వంక చూశాను. ఆయన మొహం బూడిదలా అయిపోయింది.

"వాళ్లకీ వినిపించిందా?" అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేళ్లూ నాకొక్కడికే అనుకున్నానే. లీవై ఎప్పుడూ ముందే అందుకునేవాడు. ఎంత చెప్పినా వినేవాడు కాదు."

మూడోసారి మోగింది. ఎత్తాను. అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు. ఎవరో నాకు తెలిసిపోయింది. తెలిసీ లైను ప్రసారంలోకి కలిపాను. ఎందుకు కలిపానంటే చెప్పలేను.

"హోజియా," అంది యూలా అత్త.

"యూలా."

"వాడక్కడే ఉన్నాడు కదా. అడుగు. ఇంటికెందుకు రాలేదో అడుగు."

జిల్లా అంతా వింటోంది. హోజియా గిటారుని పక్కన పెట్టి, చేతులు రెండూ బల్ల మీద ఆనించుకున్నాడు.

"వాణ్ణి అడగక్కర్లేదు యూలా. నాకు తెలుసు. పడవ తిరగబడలేదు. ఏటి మధ్యలో లేచి నిలబడి ఊదుతున్నాడు. కూర్చోరా అన్నాను. చెయ్యి జారి మౌత్ ఆర్గాన్ నీళ్లలో పడింది. పడ్డదాని వెనకాలే వంగాడు. అంతే. అరవనైనా లేదు. పొగమంచులో ఎటు చూడాలో తెలీక తెడ్డుతో నీళ్లన్నీ కెలికాను."

"మరి పడవ తిరగబడిందని చెప్పావేం?"

"రేకు ముక్క కోసం నిన్నొదిలేసి పోయాడని నీకెలా చెప్పను?"

నేను ఏడుపుకి సిద్ధపడ్డాను. ఫోన్లోంచి వచ్చింది నవ్వు. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా.

"వెర్రివాడా! పెళ్లినాడు పాస్టర్ ముందు కూడా జేబులో పెట్టలేదురా వాడు దాన్ని. నా వేలికి ఉంగరం తొడుగుతూ నోట్లో పెట్టుకున్నాడు. నేనేమో ఇన్నాళ్లూ, అవతలి ఒడ్డున ఇంకెవత్తో ఉందనుకున్నాను. ఈదుకుంటూ దాని దగ్గరికి పోయాడనుకున్నాను." నవ్వు ఆగింది. "అయితే పోయాడన్నమాట."

"పోయాడు యూలా."

"సరే," అంది. "పాస్టర్‌కి కబురు పెడతాను. నువ్వుండు. ఉండి వాయించి వెళ్లు."

అంత్యక్రియలు ఆ వారంలోనే జరిగాయి. ఖాళీ శవపెట్టెలో లీవై ఆదివారం కోటు, టోపీ, బూట్లు పెట్టారు. యూలా అత్త మొదటిసారి నల్లబట్టలు కట్టింది. ఏటి గట్టు మీద లవీనియా బృందం పాడింది. హోజియా వాయించాడు గాని చర్చి పాటలే. వాటిలో ఎక్కడా ఆగాల్సిన పని లేదు. తర్వాత అందరం వేయించిన వాలుగ చేపలూ మొక్కజొన్న రొట్టెలూ తిన్నాం. యూలా అత్త రెండోసారి వడ్డించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

మెంఫిస్ వెళ్లిపోయే ముందు శనివారం మళ్లీ వాయించనా అని హోజియాయే అడిగాడు. అదే పాట. ఊరంతా రేడియోల దగ్గర చేరిందని నాకు తెలుసు. మొదటి చరణం పాడాడు. ఆగాడు. తల వంచాడు.

పాదం తాళం వేస్తూనే ఉంది. కాసేపటికి తడబడింది. ఆగిపోయింది. అందుకోవాల్సిన చోటు దాటిపోయింది. ఆయన అందుకోలేదు. తలెత్తి నా వంక చూశాడు. జాతరలో చెయ్యి వదిలేసిన పిల్లాడి చూపు అది.

"లేడే," అన్నాడు. మైకు తెరిచే ఉంది. "వెళ్లిపోయాడు."

ఫోన్ మోగలేదు. ఏదో రికార్డు తీసి వేశాను.

అది తిరుగుతుండగా హోజియా గిటారుని పెట్టెలో పెట్టి కొక్కేలు బిగించాడు. "ఎక్కడికి పోయినా నా వెంటే ఉండేవాడు. హోటలు గదుల్లో, ఆస్పత్రిలో, నా పెళ్లాం పోయిన రాత్రి. ఆ ఖాళీలో వాడు లేకుండా నేనెప్పుడూ వాయించలేదు ఆర్డీలియా. చెబితే వెళ్లిపోతాడని తెలిస్తే చెప్పేవాణ్ణి కాదు. యూలా చచ్చేదాకా కుమిలినా సరే, చెప్పేవాణ్ణి కాదు."

అలా అన్నందుకు ఆయనే సిగ్గుపడి కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన మెంఫిస్ వెళ్లలేదు. ఇక్కడే మేనకోడలి ఇంట్లో ఉంటున్నాడు. గిటారు మళ్లీ బయటికి తియ్యలేదు. శనివారాలు యూలా అత్త వరండాలో కూర్చుని ఇద్దరూ నా కార్యక్రమం వింటారు. ఆయన పాత రికార్డులు అప్పుడప్పుడూ వేస్తాను, ఆ ఖాళీల్లో నోరు మెదపను. యూలా అత్త ఇప్పుడు తిట్టడానికి కాదు, కబుర్లకే ఫోన్ చేస్తుంది. బాగా నిద్రపడుతోందట. మొన్న గొంతు తగ్గించి చెప్పింది:

"ఆ చోటు వచ్చినప్పుడల్లా కుర్చీలో ముందుకు వంగుతాడే. 'ఏమన్నా వినిపించిందా?' అని అడుగుతాను. లేదని తలూపుతాడు. మళ్లీ వచ్చే చోటు కోసం అలాగే వంగి కూర్చుంటాడు."