నడుమెత్తు గుమ్మం

రండి రండి, దగ్గరికి జరగండి, ఆ సొరబుర్రలు కాస్త కింద పెట్టండి, పీటో కల్లు ఎక్కడికీ పారిపోదు గానీ నా బుర్రలో ఒక గుమ్మం ఇరుక్కుపోయింది, అది బయటపడేదాకా ఎవ్వరూ మాట్లాడకండి, నిన్నే అకొల్గో తాతా, నువ్వూ నోరు మూసుకో, ఇంతకీ ఆ గుమ్మం నా నడుముదాకా కూడా రాదు, మా సిరిగు ఊళ్ళో పాతిల్లంటే అంతే కదా, మోకాళ్ళ మీద పాకి లోపలి అడ్డుగోడ దాటితే గానీ మనిషన్నవాడు లేచి నిలబడలేడు, నేనేమో అక్షరమ్ముక్క రానిదాన్ని, గోడలకి రంగులేసేదాన్ని, నేను గీసిన కొండచిలువని చూసి పక్కింటి కోళ్ళు మూడు వారాలు గుడ్లు మానేశాయి, అబద్ధమైతే ఆ కోళ్ళనే అడగండి, అలాంటి నన్ను బోల్గా పట్నంలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మట్టి లేకుండా ఇల్లు కట్టడం నేర్పారు, పేడ కలపక్కర్లేదు, దావదావ చెట్టు కాయల తొక్కలు ఉడకబెట్టి గోడకి నిగ్గు తేవక్కర్లేదు, వేలితో నెడితే గోడ లేస్తుంది, ఆ ఆన్‌లైన్ ఊళ్ళో జనం బొమ్మ ఒళ్ళు తొడుక్కుని తిరుగుతారు, స్థలాలూ ఇళ్ళూ కొంటారు, నేను అక్కడ అమ్మినన్ని ఇళ్ళు ఇక్కడ కట్టుంటే పాగా చెరువులో మొసళ్ళు కూడా అద్దెకి దిగేవి.

కానీ ఈసారి అమ్మింది మా నాయనమ్మ ఇల్లు, పోయిన వానల్లో కూలిపోయిందే, అదే, ఎర్రమన్నూ నల్లరాయీ తెల్లరాయీ నూరిన రంగులు, గోడమీద పగిలిన సొరబుర్ర ముక్కల గీతలు ఒక్కటి కూడా తప్పకుండా వేశాను, కొన్నవాడు ఎవడో తెలీదు, తొడుక్కున్న బొమ్మకి సింహం తల, ఎర్ర కోటు, వాడొచ్చి గుమ్మం పైదూలానికి తల ఢీకొట్టి, మళ్ళీ కొట్టి, మళ్ళీ కొట్టి, పొద్దున్నుంచీ అక్కడే నిలబడ్డాడు, మా తాలత వదిన వాడు రాసింది చదివి పెట్టింది, గుమ్మం ఎత్తుతారా, లేక ఇల్లు పడగొట్టి ఇంకేదైనా పెట్టుకోమంటారా అని, ఎత్తెయ్యవే అపోకా, ఒక్క నిమిషం పని, పాత ఇంటి నకలు నీ దగ్గరుంది కదా అంటుంది వదిన, నకలుంటే ఏం లాభం వదినా, ఎవరూ అడుగుపెట్టని ఇల్లు మన దగ్గర తనంతట తనే కూలుతుంది కదా, నాయనమ్మ ఇల్లు రెండోసారి కూలడం చూడాలా నేను, సరే అని గుమ్మం మీద వేలు పెట్టాను, పైకి నెట్టాను, ఒక అంగుళం,

ఎందుకింత పొట్టిగా పెట్టారే నాయనమ్మా అని చిన్నప్పుడు అడిగితే, శత్రువు వంగొస్తే మెడ మనకి కనిపిస్తుందే పిచ్చిదానా అనేది, చేతిలో రోకలితో మా ముత్తవ్వ ఒక్కతే నలభైమందిని పడగొట్టిందట, నలభై కాదే నాలుగొందలు అని మర్నాడు తనే పెంచేది, ఆమె రక్తమే కదా నాది, వేలు రెండో అంగుళం నెట్టింది, కానీ నేను పాక్కుంటూ వచ్చేటప్పుడు నాకు రోకలి ఎప్పుడూ కనిపించలేదు, గోడమీది రంగులూ కనిపించలేదు, ఆ అడ్డుగోడ మీంచి తల ఎత్తితే ముందు కనిపించేవి రెండు పాదాలు, పగిలిన మడమలు, పగుళ్ళలో ఎండిపోయిన ఎర్రమన్ను, బొటనవేలికి నల్లరంగు, ఆ పాదాలు కదిలితే ఇంట్లో తిండి ఉన్నట్టు, కదలకపోతే నాయనమ్మకి ఒంట్లో బాగోలేదన్నట్టు, మొహం చివరికొచ్చేది, నిలబడ్డాక,

వేలు ఆగిపోయింది, ఆ అంగుళాలు రెండూ వెనక్కి దించేశాను, గీతలన్నీ వేశాను గానీ పాదాలు మర్చిపోయానే, పాకి వచ్చినవాడికి ఎదురుగా మట్టినేల తప్ప ఏముంది మరి, వదినా, ఆ ఊళ్ళో మనిషి పాకలేడా అంటే, పసిపిల్లల ఆటకోసం పాకే కదలిక ఒకటుందట, దాన్ని గడప దగ్గర పెట్టాం, లోపల నేలమీద రెండు పాదాలు పెట్టాను, పగుళ్ళతో సహా, సింహానికి కబురు పంపాం, వాడు అంతెత్తు సింహం, ఎర్ర కోటు, మోకాళ్ళ మీద పడి పాకుతూ లోపలికెళ్ళాడు, అడ్డుగోడ దగ్గర తల ఎత్తి ఆ పాదాల ముందు ఆగాడు, మా ఇంటి బయట మేక అరుస్తోంది, అప్పుడు రాశాడు, వదిన చదివింది, ఇవి ఎవరి పాదాలు, మా అవ్వవి కూడా ఇలాగే ఉండేవి, గుమ్మం అలాగే ఉంచండి అని, అప్పుడు తెలిసింది నాకు, రోకలి కథ శత్రువుల కోసం, గుమ్మం పొట్టిగా పెట్టింది మాత్రం మాకోసం, మొహం కన్నా ముందు ఆ మడమలు చూసి రమ్మని.

ఇదంతా విని మీరందరూ మెత్తబడి కూర్చున్నారు గదా, అకొల్గో తాత మాత్రం సొరబుర్ర ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అంతా బాగుంది గానీ పిల్లా, పాదాలు నువ్వు తెచ్చేసి అక్కడ పెట్టుకుంటే, ముసలిది పాపం పైలోకంలో ఇప్పుడు మోకాళ్ళ మీద నడుస్తోందా ఏమిటి, అన్నాడు.