రెండుసార్లు దానమైన మిషను

నేను ఒక కుట్టు మిషనుని. ఇనుప తల, చెక్క బల్ల, కాలితో తొక్కే పెడలు. మోటారు లేదు కాబట్టి కరెంటు పోయినా నా పని ఆగదు. మనుషులు ఆపితేనే ఆగుతుంది.

నన్ను లూధియానాలో పోతపోశారు. తలా కాళ్లూ విడివిడిగా గోనెలో చుట్టి లారీకెక్కిస్తే, అనకాపల్లిలో ఒక కొట్టువాడు మరలు బిగించి మనిషిని చేశాడు. అక్కణ్ణించి ఆ ఊరి మానవమిత్ర సేవా క్లబ్బు వాళ్లు కొనుక్కెళ్లారు.

ప్రతి గురువారం సాయంత్రం వాళ్ల మీటింగు. ముందు గంట కొడతారు, తర్వాత ప్రార్థన. బ్యాడ్జి పెట్టుకురాని సభ్యుడికి జరిమానా. పుట్టినరోజు వాళ్లకి చప్పట్లు, పెళ్లిరోజు వాళ్లకి ఇంకాస్త జాలిగా చప్పట్లు. పోయిన వారం మీటింగు ఎంత బాగా జరిగిందో ఈ వారం చెప్పుకుంటారు. ఆఖర్న భోజనం. సేవ ఈ మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. వంటగదిలోంచి సాంబారు వాసన వచ్చేలోగా అయిపోవాలి.

అలాంటి ఒక గురువారం నన్ను నూకరత్నానికి ఇచ్చారు. మొగుడు పోయాక రెండిళ్లలో అంట్లు తోముకుంటూ కుట్టుపని నేర్చుకున్న మనిషి. నేను రాగానే అంట్ల పని మానేసింది. చేయి మంచిదని నెల తిరక్కుండానే వీధిలో పేరొచ్చింది. దగ్గర్లో ఉన్న చిన్న ప్రైవేటు బడి హెడ్‌మిస్ట్రెస్ యూనిఫారాలన్నీ కుట్టమని గుడ్డ తానులు తెప్పించి ఇచ్చింది. బడి తెరిచేలోగా ఇస్తే ఏటా నీకేనంది. నూకరత్నం మంచం ఎత్తి నిలబెట్టేసి గదంతా నీలం గుడ్డ పరిచి కత్తిరించింది. ఆ రోజుల్లో నా సూది వేడెక్కేది. నేను బతికింది ఆ నాలుగు రోజులే అనుకోండి.

అప్పుడొచ్చాడు క్లబ్బు ప్రెసిడెంటు ఉమాపతి. ఎరువుల వ్యాపారం, మెత్తటి మాట. క్లబ్బులన్నిటికీ పెద్ద అయిన జిల్లా గవర్నరు వస్తున్నాడట. రాజ్‌భవన్‌కీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు గాని, ఆ సంగతి ఈయన ఎదుట ఎవరూ అనరు. ఆయన వచ్చిన రోజు ఆయన చేతుల మీదుగా ఏదో ఒకటి ఇప్పించాలి, అది ఆనవాయితీ. ఇవ్వాల్సింది కాస్తా ఉమాపతి తొందరపడి ముందే ఇచ్చేశాడు. ఒక్క రోజుకి మిషను పంపమ్మా, మళ్లీ నీకే ఇస్తాం అన్నాడు. ఇచ్చిన వాళ్లు అడిగితే లేదనడం ఆమెకి చేతకాలేదు.

నాకు రంగేశారు, నడుముకి ఎర్ర రిబ్బను కట్టారు, హాల్లో వేదిక పక్కన నిలబెట్టారు. ఆ గురువారం గవర్నరు రాలేదు, వియ్యంకుడింట్లో గృహప్రవేశం. పై వారం ఆయనకి మోకాలు. ఆపై వారం మోకాలు బాగుంది, కారు బాగాలేదు. నూకరత్నం ప్రతి వారం వచ్చి ఆఖరి కుర్చీలో కూర్చునేది. పెళ్లిళ్ల రోజులు, వీధిలో ఎవరూ మిషను అరువివ్వలేదు. క్లబ్బు వాళ్లు మాత్రం ఏ వారమూ ఆమెని భోజనం చేయకుండా పంపలేదు. దయ విషయంలో వాళ్లని తప్పుపట్టలేం.

ఒక వారం ఉండబట్టలేక ఉమాపతి దగ్గరకెళ్లింది. "పోనీ ఇక్కడే వరండాలో కుట్టుకుంటాను బాబూ. గుడ్డ తెచ్చుకుంటాను. బడి తెరిచేస్తారు."

"కుడితే పాతదైపోదా అమ్మా? పాత మిషను ఆయన చేత ఇప్పిస్తే ఆయనకెంత అవమానం," అన్నాడాయన ఓర్పుగా. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

బడి తెరిచారు. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే. పిల్లలు రంగురంగుల బట్టల్లో వస్తుంటే పాపం ఎన్నాళ్లని ఆగుతుంది? కత్తిరించిన ముక్కలు మూట కట్టించి బజార్లో టైలరుకి పంపేసింది. ఇకమీద ఏటా అతనికే.

ఆ తర్వాతి గురువారం గవర్నరు గారు వచ్చారు. దండలయ్యాయి, గంటయ్యింది. నూకరత్నాన్ని వేదిక ఎక్కించి నా పక్కన నిలబెట్టారు. ఆయన రిబ్బను కత్తిరించి, మైకు ఆమె మూతి దగ్గర పెట్టి, ఆప్యాయంగా అడిగారు.

"ఇంతకుముందు ఏం పని చేసేదానివమ్మా?"

"కుట్టుపనేనండి."

"మరి మానేశావేం?"

ఆమె ఒకసారి ఉమాపతి వైపు చూసింది. ఆయన తల ఊపాడు, చెప్పు, చెప్పు అన్నట్టు.

"మిషను లేకపోయిందండి."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. గవర్నరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఉమాపతి. ఆ ఏడాది ఉత్తమ సేవా బహుమతి మా క్లబ్బుకే వచ్చిందని తర్వాత తెలిసింది. నాకు వాళ్ల మీద కోపం కూడా సరిగ్గా రాదు. ఒక్కరూ దొంగ కాదు. వాళ్లు నన్ను ఎత్తుకుపోయుంటే నూకరత్నం కనీసం అరిచేది.

ఇప్పుడు ఆమె గదిలో మంచం పక్కన ఉంటున్నాను. నేను లేని వారాల్లో వీధి బేరాలు కూడా బజారుకి మళ్లిపోయాయి. పొద్దున్న ఆమె అంట్లు తోమడానికి వెళ్తుంది, పాత ఇళ్లకే. సాయంత్రం వీధిలో తల్లులు ఒకరిద్దరు వస్తారు. బజారు టైలరు కుట్టిన నీలం చొక్కాలు. నెల తిరక్కుండా గుండీలు ఊడిపోతున్నాయట. నూకరత్నం నా మూత తియ్యదు. దాని మీదే చొక్కా పరుచుకుని, సూదిలో దారం ఎక్కించి చేత్తో కుట్టి ఇస్తుంది. గుండీకి మిషను అక్కర్లేదు.