ఏ రైలూ ఎక్కనివాడు

తోడికోడళ్ళిద్దరూ ఇంటి ముందుగదిలో పక్కపక్కనే మిషన్లు వేసుకుని బట్టలు కుట్టేవారు. ఒక చొక్కా కాలరు తప్పుగా కత్తిరించింది ఎవరన్న గొడవతో వారం నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. తీరిక దొరికితే పెద్దామె ఒక పాత నవల చదువుకునేది. అందులో నాయకుడు, ఎక్కడికి వెళ్ళినా అర్థం లేదంటూ, వచ్చిన ప్రతి రైలునూ వదిలేసి స్టేషన్లోనే కూర్చుంటాడు. ఆమె లేనప్పుడు చిన్నామె కూడా ఆ పుస్తకాన్నే దొంగచాటుగా చదివేసింది.

ఆ మధ్యాహ్నం చివరి పేజీ ముగించి పెద్దామె కళ్ళు తుడుచుకుంది. చిన్నామె ఇక ఆగలేకపోయింది.

“వాడి కోసం ఏడుస్తున్నావా అక్కా? నేనైతే మెడ పట్టుకుని రైలెక్కించేదాన్ని!”

“ఎక్కడికని ఎక్కిస్తావే? వాడి బాధే అది కదా!”

“ఎక్కడికైనా సరే. కిటికీ పక్కన కూర్చుంటే గాలైనా తగుల్తుంది!”

పెద్దామెకు నవ్వు పొంగుకొచ్చింది. ఆమెను చూసి చిన్నామె కూడా పగలబడి నవ్వింది. నవ్వుతూనే గొంతులు పెంచి వాదించుకున్నారు. ఆ కేకలు విని అత్తగారు కంగారుగా వచ్చారు.

“మళ్ళీ మొదలెట్టారా?”

“మీరుండండి అత్తయ్యా! వారం నుంచీ నోరు కట్టేసుకుని చచ్చాం. కడుపునిండా పోట్లాడుకోనివ్వండి!” అంది పెద్దామె.

అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, స్టూలు లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చున్నారు.

“అయితే నాకూ చెప్పండి. నేనెవరి పక్షమో తేల్చుకోవాలిగా!”