పూతరేకుల ఆవిడతో జాగ్రత్త

చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "దుర్గా, నీకో మెయిల్ పంపాను. అర్జంటుగా మీ ఆడవాళ్ళ గ్రూపులన్నిట్లో పెట్టు. కింద శ్రీదుర్గ టీచర్ అని రాయి. నీ పేరైతే నమ్ముతారు."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నా పేరుకి ఈ ఇంట్లో పని దొరకడం అదే మొదటిసారి. మురిసిపోయాను. పప్పు పొంగుతోంది, అత్తయ్యగారి మాత్రల వేళయింది, లోకాన్ని కాపాడే పని కూడా నాకే పడింది. చదవకుండానే పంపేశాను.

మా ఆయన మణిశంకర్ గారు లోకానికి ఏమవుతుందోనని తెగ భయపడే మనిషి. ప్లాస్టిక్ బియ్యం గురించి, పేలే ఫోన్ల గురించి ఊరందరినీ హెచ్చరిస్తారు. గ్యాస్ అయిపోవచ్చిందని నేను హెచ్చరిస్తే మాత్రం ఆయనకి వినపడదు. ఈసారి వచ్చిన మెయిల్లో, ఎక్కడో ఉత్తరాదిన మిఠాయిలమ్మే ఆవిడ మత్తుమందు పెట్టి నగలు దోచుకుంటోందని ఉందట. దాన్నాయన దిద్దారు. మిఠాయిలు కొట్టేసి పూతరేకులు అని పెట్టారు. "లోకల్‌గా లేకపోతే మనోళ్ళు పట్టించుకోరే" అన్నారు తరవాత.

ధవళేశ్వరంలో మా వీధికి పూతరేకులు తెచ్చేది సూర్యకళ ఒక్కతే. ఆత్రేయపురం నుంచి రేకుడబ్బాతో బస్సులో వస్తుంది.

మూడోనాడు నేను బడి నుంచి వచ్చేసరికి వీధి ఆడవాళ్ళు ఆమెని చుట్టుముట్టి ఉన్నారు. డబ్బా అరుగు మీద బోర్లించి ఒక్కో చుట్టా విప్పుతున్నారు. "ఇదిగో, తెల్లపొడి!" అని కేకేశారు పక్కింటి మాణిక్యాంబ గారు. ఆవిడ పళ్ళొచ్చినప్పట్నుంచీ పూతరేకులు తింటున్నారు.

"పంచదారండి బాబూ! నోట్లో వేసుకు చూడండి" అంటోంది సూర్యకళ. ఎవరూ వేసుకోలేదు. నేను రెండు తిన్నాను.

"రాసిందీ మీరే, తినేదీ మీరేనా? ఏంటండీ ఇది!" అన్నారు మాణిక్యాంబ గారు, మత్తెక్కుతోందేమోనని నా కళ్ళలోకి చూస్తూ.

సూర్యకళ నావైపు తిరిగింది. "మీరాండీ రాసింది?" అంది. విరిగిన రేకులు ఏరుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కడిగిన బియ్యమే మళ్ళీ కడుగుతున్నాను. అదంతా అబద్ధమని గ్రూపులన్నిట్లో రాశాను. ఇద్దరు దణ్ణం బొమ్మ పెట్టారు. ఈలోగా నేను పంపిన హెచ్చరికే తుని పిన్ని దగ్గర్నుంచి నాకు తిరిగొచ్చింది. "ఇప్పటికే ఇద్దరు పోయారంట, జాగ్రత్తమ్మా" అన్న ముక్క దారిలో ఎక్కడో కలిసింది.

"నీ వేలు పొరపాటున తగిలిందని రాయి, నా పేరెత్తకు. ఆఫీసులో నా పరువేం కావాలి?" అన్నారు మా ఆయన.

"వాడు మంచికే చెప్పాడు. చదవకుండా పంపింది నువ్వు కదే" అన్నారు అత్తయ్యగారు.

ఆ మాట నిజం. నన్ను కూర్చోనివ్వనిది అదే. ఈ ఇంట్లో నా చేతికొచ్చిన ప్రతి మాటనీ నేను అలాగే పంపుతూ వచ్చాను. ఆడపిల్ల గట్టిగా నవ్వకూడదన్న అత్తయ్యగారి మాటని మా అమ్మాయికి పంపింది ఎవరు? నేనే. అప్పుడు కూడా చదవలేదు.

సూర్యకళకి ఫోన్ చేశాను. నాలుగు వీధుల్లో ఒక్కరూ తలుపు తీయడం లేదట. ఇలాగైతే పిల్లల్ని బడి మానిపించాల్సిందేనట. "ఫోన్లో ఎంత రాసినా ఏం లాభమండీ? నా మొహం చూసి కదా తలుపులేసుకుంటున్నారు" అంది.

అందుకే రేపు, ఆదివారం, ఆమెతో వెళ్తున్నాను. డబ్బా నేను పట్టుకుంటాను. మార్చింది మా ఆయన, పంపింది నేను అని ప్రతి గుమ్మంలోనూ చెప్పి, వాళ్ళ ఎదుటే ఒకటి తింటాను.

"అబ్బో! ఎవరింటితో మొదలెడతారేంటి?" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే.

"మనింటితోనేనండీ. తలుపు మీరే తీయాలి. నేను బయట ఉంటాను."