మూల బల్ల

ఆమె తడిగుడ్డను మూడోసారి పిండి, ఆఫీసు హాలులో కిటికీ పక్కనున్న బల్ల మీద గట్టిగా రుద్దింది. టీకప్పుల అడుగు మచ్చలు ఒకదాని మీద ఒకటి గొలుసులా పడి ఉన్నాయి. బిస్కెట్టు పొడి, మూతల్లేని పెన్నులు, పెన్నుల్లేని మూతలు, ఎవరో కోపంగా ఉండచుట్టి విసిరిన కాగితాలు. ‘ఇక్కడ పని జరిగినట్టు లేదు, పెళ్ళి జరిగినట్టుంది’ అనుకుంది ఆమె. రోజూ అనుకునే మాటే. పైకి అనదు. అన్నా వినడానికి ఆ వేళప్పుడు హాలులో ఎవరూ ఉండరు.

ఆమెకు యాభై దాటాయి. సన్నటి మనిషి. నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు తెల్లబడి, ముడతలు పడి, ఇంకెవరో ముసలామె దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. వంగినప్పుడల్లా మోకాళ్ళు కిర్రుమంటాయి. “వస్తున్నా, వస్తున్నా” అని వాటికి జవాబు చెప్పుకుంటుంది. పొద్దున్నే ఎవరూ రాకముందు ఈ ఆఫీసు, మధ్యాహ్నం రెండు వీధుల అవతల పంటి డాక్టరు గది, సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మళ్ళీ ఈ ఆఫీసు నేల ఊడవడం. అందుకే ఇక్కడ ఆమె తుడిచిన బల్లలు తెలిసినవాళ్ళే తప్ప ఆమె ముఖం తెలిసినవాళ్ళు దాదాపు లేరు.

ఒక్క లెక్కల సారు తప్ప.

ఆఫీసు జమాఖర్చులు రాసే ఆయన బల్ల హాలు చివర, గోడలు కలిసే మూలలో ఉంటుంది. దాన్ని ఆమె ఆఖర్న తుడుస్తుంది, ఇష్టమైన ముద్దను చివరికి దాచుకున్నట్టు. నిజానికి అక్కడ తుడవడానికి ఏమీ ఉండదు. కుర్చీ లోపలికి నెట్టి ఉంటుంది. పెన్సిళ్ళు పొడుగు పొట్టి వరసలో పడుకుని ఉంటాయి. ఒకవైపే వాడిన కాగితాలు తెల్లవైపు పైకొచ్చేలా పేర్చి, మూల దగ్గర దారంతో కుట్టి ఉంటాయి. వాటి పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు.

వారం నుంచీ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. “ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా, రెండు రోజులు రానేమో” అని ఆయనే చెప్పి వెళ్ళాడు. ఆమె గ్లాసు కడిగి, మంచినీళ్ళు నింపి, మూత పెట్టింది. రోజూ పెడుతోంది. సాయంత్రం ఆ నీళ్ళు ఒలకబోయకుండా మెట్ల దగ్గర మొక్కకు పోస్తోంది. ఒలకబోస్తే ఆయన ఊరుకోడు.

చేరిన కొత్తలో ఆ బల్లను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. అందరి చెత్తబుట్టలూ పొంగిపోతుంటే ఆయన బుట్ట మాత్రం తోమిన గిన్నెలా ఉండేది. పెన్సిలు చెక్కిన పొట్టు కూడా ఆయనే పొట్లం కట్టి తీసుకెళ్ళి కుండీ మట్టిలో కలిపేవాడు. తన పని మీద నమ్మకం లేకే ఇదంతా అనుకుంది. ఒకరోజు ఆయన అందరికంటే ముందుగా వస్తే, చీపురు గోడకు ఆనించి అడిగేసింది.

“ఏం సార్, నేను సరిగ్గా ఊడవట్లేదా?”

ఆయన కళ్ళద్దాలు తీసి చూశాడు. “ఎవరన్నారమ్మా?”

“మీ బుట్టే అంటోంది. అది రోజూ ఖాళీగా ఉంటే నేనేం ఊడ్చినట్టు? పైవాళ్ళు చూస్తే ఈ మూలకి నేను రానే రాలేదనుకోరూ?”

ఎక్కడో కూడిక తప్పిపోతే వెతుక్కుంటున్నట్టు ఆయన చాలాసేపు ఆలోచించాడు. “నిజమే. నేనది చూసుకోలేదు” అన్నాడు.

మర్నాడు బుట్టలో ఒక కాగితం ఉంది, ఉండచుట్టి. విప్పి చూస్తే రెండువైపులా తెల్లగా ఉంది. కాగితం పారేయమంటే ప్రాణం పోయినట్టుండే మనిషి, ఆమె కోసమని కొత్త కాగితం పాడుచేశాడు. ఆమెకు మనసొప్పలేదు. అరచేత్తో సాపు చేసి బల్ల మీద పెట్టింది. ఆ మర్నాడు అదే కాగితం మళ్ళీ బుట్టలో. ఆమె మళ్ళీ సాపు చేసింది. అలా నెలల తరబడి ఆయన నలపడం, ఆమె సాపు చేయడం. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. కాగితం పాత పంచెలా మెత్తబడి, చివరికి మడతల దగ్గర చిరిగిపోయింది. ముక్కలు పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం ఆమెకు అదే మొదలు.

“దాని ఆయుష్షు తీరిందమ్మా. ఇకనుంచి బుట్ట ఖాళీగానే ఉంటుంది, ఏమీ అనుకోకు.”

అప్పట్నుంచి ఆయన రోజూ కాస్త ముందుగా రావడం, ఆమె ఆ మూలకు కాస్త ఆలస్యంగా చేరడం అలవాటైంది. మాటలు పెద్దగా ఉండేవి కావు. ఆయన వచ్చి, అక్కర్లేని దీపాలు ఆర్పి, కిటికీ రెక్కలు తీసేవాడు. ఆమె నేల తుడిచిన నీళ్ళు మెట్ల దగ్గర కుండీలకు మోసేది. ఇద్దరిదీ ఒకటే జబ్బని ఇద్దరికీ తెలుసు. ఆఫీసులో కుర్రకారు ఆయన వెనక జోకులు వేసుకునేవారు, తుమ్మొస్తే రుమాలు కూడా రెండువైపులా వాడతాడని. ఒకసారి భూమిని కాపాడుదామంటూ గోడంత ప్లాస్టిక్ బ్యానరు కట్టి, మనిషికో నీళ్ళ సీసా పంచి సభ పెట్టారు. మర్నాడు సగం తాగి వదిలేసిన సీసాలు ఏరుతూ, “భూమిని కాపాడారు సరే, నా నడుమునెవరు కాపాడతారు సార్?” అందామె. ఆయన చొక్కా చేతులు మడిచి పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్క సీసాలో మిగిలిన నీళ్ళు బకెట్లోకి వంచాడు. బకెట్టు నిండింది.

భర్త పోయి ఆమె మళ్ళీ పనికొచ్చిన రోజున ఆయన లేచి నిలబడి, “ధైర్యంగా ఉండాలి చెల్లెమ్మా” అన్నాడు. చెల్లెమ్మా అన్నది ఆ ఒక్కసారే. ఆ మాటకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సంతోషమో, లోపల ఇంకేదైనా మూలిగిందో తనకే తెలియలేదు. తెలుసుకోబోలేదు కూడా.

ఈ పొద్దున ఆయనకు చెప్పవలసిన కబురొకటి ఉంది. టీగదిలో ఏడాదిగా కారుతున్న కుళాయి బాగుపడింది. దాని కింద బకెట్టు పెట్టి, పైవాళ్ళకు చెప్పీ చెప్పీ ఆయన నోరు నొప్పెట్టింది. ఆ టపటప ఆగేసరికి హాలు ఇంత పెద్దదా అనిపించింది ఆమెకు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కొత్త వాచ్‌మన్‌ను అడిగింది. “లెక్కల సారు ఈమధ్య ఎప్పుడైనా వచ్చారా బాబూ?”

“ఎవరమ్మా ఆయన? నేనొచ్చి నాలుగు రోజులే. ఏ తాళం ఏ తలుపుదో గుర్తుపెట్టుకోలేక చస్తున్నా” అన్నాడు అతను.

మధ్యాహ్నం పంటి డాక్టరు గది తుడిచి వచ్చి, అక్క వాళ్ళింట్లో వెనక గదిలో అన్నం తింది. ముందుగదులు అక్కవి, బావవి. వెనక గది ఆమెది. గది చిన్నదే అయినా అద్దంలా ఉంటుంది. గోడవారన కడిగి ఆరబెట్టిన గాజుసీసాలు మూతలతో సహా వరసగా ఉంటాయి. కూర గిన్నె ఇవ్వడానికొచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడి వాటిని చూసింది.

“ఇన్ని సీసాలేం చేసుకుంటావే? పోయేటప్పుడు నెత్తిన పెట్టుకుపోతావా?”

“పనికొస్తాయక్కా.”

“ఎవరికి?”

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. అది మింగి, “ఆఫీసులో ఒక సారుకి జ్వరమక్కా. వారమైంది” అంది.

“ఏ సారు?”

“ఉన్నార్లే.”

“ఆఫీసువాళ్ళకి జ్వరమొస్తే జీతమిస్తారు, నీకు జ్వరమొస్తే జీతం కోస్తారు. నీ ఒళ్ళు నువ్వు చూసుకో.” అక్క చెడ్డమనిషి కాదు. గిన్నె అక్కడ పెట్టి, పొయ్యి మీద ఏదో మాడుతోందని పరుగెత్తింది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి హాలులో దీపాలన్నీ వెలుగుతున్నాయి. మేనేజరు ఒక్కడే సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఒక ఖాళీ అట్టపెట్టె.

“నీకోసమే ఆగానమ్మా. ఆ మూల బల్ల ఖాళీ చేసి, కిటికీ వైపు జరపాలి. రేపు కొత్తమ్మాయి చేరుతోంది. ఆయన వస్తువులేమైనా ఉంటే ఈ పెట్టెలో వెయ్యి. ఆయన మేనల్లుడొచ్చి పట్టుకెళ్తానన్నాడు.”

“సారుకి బదిలీ అయిందా సార్?”

మేనేజరు ఆమె ముఖంలోకి చూశాడు. “అదేంటి, నీకు తెలీదా? ఆదివారం పోయారమ్మా. మామూలు జ్వరమే అనుకున్నాం. గుండె తట్టుకోలేదట. సోమవారం అందరం వెళ్ళొచ్చాంగా.” అన్నాక, ఆ ‘అందరం’లో ఆమె లేదని ఆయనకే తట్టింది. సంచీ పట్టీ సర్దుకున్నాడు. “ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నాను.”

“పర్లేదు సార్” అంది. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే అన్నట్టు అనేసింది. “మీరెళ్ళండి, నేను చూసుకుంటాను.”

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద దిగిపోయేదాకా అలాగే నిలబడింది. సోమవారం, మంగళవారం, నిన్న, ఇవాళ. ఆ గ్లాసులో తను ఎవరికి నీళ్ళు పెట్టినట్టు? మూత తీసి చూసింది. పొద్దున పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. మొక్క దాకా తీసుకెళ్ళబోయి, మళ్ళీ ఏమనుకుందో, గుమ్మం దగ్గరే ఆగి గటగటా తాగేసింది.

సొరుగులు తెరిచింది. మొదటి దాంట్లో ఆఫీసు పెన్నులు, ఆఫీసు గుండుసూదులు. రెండో దాంట్లో కుట్టిన కాగితాల కట్టలు. ఎవరికైనా పనికొచ్చేవే, ఎవరివీ కానివి. మూడోది ఖాళీ. ఆయనవంటూ దొరికినవి స్టీలు గ్లాసు, కళ్ళద్దాల డబ్బా, పళ్ళు విరగని పాత దువ్వెన. పెట్టె అడుగు కూడా కప్పలేదు. ఫొటో ఒక్కటైనా ఉంటుందేమోనని మళ్ళీ వెతికింది. ఎవరిదై ఉంటుందో కూడా తెలియదు. ఆయన ఇల్లెక్కడో తెలియదు, ఇంట్లో ఎవరున్నారో అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఇద్దరూ దీపాల గురించి, నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

“మరీ ఇంత శుభ్రంగానా సార్?” అంది పైకే. గొంతు హాలంతా తిరిగొచ్చింది. “పట్టుకుని ఏడవడానికైనా ఏదో ఒకటి వదలాలి కదా.”

ఆమె కుర్చీ వీపును కాసేపు తుడిచింది, తుడిచినచోటే తుడిచింది. తర్వాత కుళాయి సంగతి కూడా చెప్పేసింది. దాచుకున్న కబురు, ఇంకెవరికి చెప్తుంది? “బాగుచేశారు సార్. చుక్క కూడా కారట్లేదు.”

ఇక బల్ల జరపాలి. పాతకాలపు కర్రబల్ల, బరువు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కదిలింది కాదు. ఆమె భుజం ఆనించి నెట్టింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి, ఈసారి వాటికి జవాబు చెప్పలేదు. రెండోసారి నెట్టేసరికి బల్ల ఒక పక్కకి తూలి, దబ్బున నేలకు కొట్టుకుంది. అక్కణ్ణుంచి తేలిగ్గానే కదిలింది. ఆగి ఆగి, జానెడు జానెడుగా కిటికీ దాకా చేర్చింది. అక్కడ నేల సమంగా ఉంది. బల్ల నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. గుడ్డ తడిపి, ఎప్పట్లాగే నాలుగు మూలలూ తుడిచింది.

చీపురు పట్టుకుని ఖాళీ అయిన మూలకు వెళ్ళింది. గోడకు ఆనుకుని బల్ల నీడలాంటి ధూళి చార. దాని కొసన, వెనక కాలు ఉండే చోట, నేల కాస్త పల్లంగా ఉంది. అక్కడేదో కనిపిస్తే వంగింది. పాత క్యాలెండరు అట్టముక్క. బల్ల ఊగకుండా ఆయన పెట్టుకున్నది. అంచులు సమంగా కత్తిరించి, సరిగ్గా ఆ పల్లానికి సరిపడేంత మందంగా మడిచిన అట్ట. ఎన్నేళ్ళ కిందట పెట్టాడో, రంగంతా పోయింది.

తీసి పెట్టెలో వేద్దామనుకుంది. మేనల్లుడు దీన్నేం చేసుకుంటాడు? చెత్తకాగితాల సంచీలో వేద్దామనుకుంది. చెయ్యి ముందుకు రాలేదు. కొంచెంసేపు గొంతుక్కూర్చుని దాన్ని చూసింది. తర్వాత లేచి, దాని చుట్టూ జాగ్రత్తగా ఊడ్చింది. ధూళంతా చేటలోకి ఎత్తింది. ఆ పనిలో చేరాక, నేల మీద ఒక వస్తువును చూసీ వదిలేయడం ఆమెకు ఇదే మొదటిసారి.

అట్టపెట్టెను మేనేజరు గది ముందు పెట్టింది. కిటికీ రెక్కలు మూసింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ గుమ్మం దాకా వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

ఖాళీ మూలలో, శుభ్రమైన నేల మీద, మడతలు విడని ఆ అట్టముక్క ఉంది. దాని నడుమ ఇన్నేళ్ళూ బల్లకాలు ఆనిన గుండ్రటి గుంట.