తెరిపి దొరికిన ఎలుకలు

బోనుల్లో చెక్కపొట్టు మార్చడం ఆమెకు పదకొండేళ్లుగా అలవాటైన పని. తడిసిన పొట్టు ఎత్తిపోసి, కొత్తది పరిచి, ఒక్కో చిట్టెలుకనూ తూకం వేసి, వీపు వంగిందా, వెంట్రుక నెరిసిందా, కాళ్లలో పట్టు తగ్గిందా అని చూసి రాసుకోవాలి. తొందరగా ముసలితనం రావాలనే పుట్టించిన ఎలుకలవి. ఏడాది తిరక్కుండానే ముడుచుకుని మూలకు చేరతాయి. ల్యాబులో అందరూ ఆమెను ఎలుకలక్క అంటారు.

"పొద్దస్తమానం ఎలుకలకు సేవ చేస్తావు, మనుషులకు చేసేసరికి నీకు నడుం పట్టేస్తుంది" అంటుంది అత్తగారు. భర్త అంత మాట అనడు, నవ్వుతాడు. ఆ నవ్వే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒకసారి ఆమె ఊరెళితే రెండు రోజులు గిన్నెలు కడిగి, రెండేళ్లు చెప్పుకున్న మహానుభావుడు. ఇన్నేళ్లుగా ఆమె కడిగిన గిన్నెల గురించి ఎవరైనా ఎవరికైనా చెప్పారా? కడిగిన గిన్నె కనిపించదు, కడగనిదే కనిపిస్తుంది. నలభై రెండేళ్లకే మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతోందంటే, వయసు మీద పడిందిలే అని అందరూ తేల్చేశారు. ఆమె కూడా నమ్మేసింది.

ఆ మధ్యాహ్నం ల్యాబు నడిపే డాక్టరుగారు అందర్నీ కూర్చోబెట్టి శుభవార్త చెప్పారు. కొత్త మందు తిన్న ఆడ ఎలుకలు, తిననివాటికంటే రెండు నెలలు ఎక్కువ బతికాయట. మర్నాడే ఆ ఫలితాలను సైన్సు పత్రికకు పంపుతారట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కొట్టలేదు.

మందు తిన్నవాటిని మొదటి నుంచీ విడిగా ఉంచారు. తిననివాటికి వేరే బోనులు ఎందుకని, పిల్లల కోసం పెంచే బోనుల్లోని తల్లులనే లెక్కలోకి తీసుకున్నారు. వాటి పక్కన ఎవరున్నారో చూసినవాళ్లు లేరు. మొన్న వాటిలో ఒకటి పాలు తాగుతున్న పిల్లల మధ్యే చచ్చిపోతే తీసి పారేసింది ఆమే. ఇప్పుడు నోరు విప్పితే ఊడ్చే మనిషి కూడా సైన్సు చెబుతోందనరూ? ఉద్యోగానికే ఎసరు రావచ్చు. మాట మింగేయడం ఆమెకు కొత్త కాదు. కానీ ఈసారి గొంతు దిగలేదు.

"డాక్టరుగారూ, మందు తిననివాటి బోనుల్లో మగవి ఉన్నాయండీ."

"ఉంటే?"

"వాటికి కాన్పు మీద కాన్పు. ఈనిన రోజే మళ్లీ కడుపు. మందు తిన్నవాటికి ఒక్క ఈత కూడా లేదు. అవి ఎక్కువ బతికింది మందు వల్లో, తెరిపి దొరకడం వల్లో మనకు తెలీదండీ."

"నీకెవరు చెప్పారివన్నీ?"

"ఎవరు చెప్పాలండీ? బోనులు మార్చేది నేనేగా."

తను ఈతలన్నీ రాసుకున్న రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. ఆయన పేజీలు తిప్పుతూనే ఉన్నారు. చివరి పేజీ దాకా చూసి, కళ్లజోడు తీసి, "పంపడం ఆపండి. మళ్లీ మొదటి నుంచి చేద్దాం. ఈసారి బోనులు ఎలా ఉండాలో ఈవిడ చెబుతారు" అన్నారు.

బయటికొచ్చాక ఆమె మెట్ల మధ్యలో ఆగింది. ఆయాసంతో కాదు. ఇన్నాళ్లూ తన ఒంటిని చూసి వయసు అనుకున్నది వయసేనా అన్న అనుమానంతో. అంతలో భర్త ఫోను.

"మావాళ్లు ఎనిమిది మంది వస్తున్నారు, తొందరగా రా."

"రానండీ. రెండు రోజులు మా అక్క దగ్గర ఉంటాను."

"అదేంటి? మీ అక్కకు బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి నీకు ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. బాగున్నప్పుడే పడుకుందామని."